పౌడరు మావ బేరం

నరసన్నపేట సంతలో ఎండుచేపల వరస ఎక్కడుందో ఎవరినీ అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. మొన్న పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మ నెత్తళ్ళు తెమ్మంది. సంచీ పట్టుకుని వెళ్ళి, రేకుల షెడ్డు చివర ఎప్పుడూ కూర్చునే మనిషి కోసం చూశాను. ఆ చోట ఇంకెవరో కవళ్ళ చేపలు కుప్పపోసుకుని కూర్చున్నారు. చేపల వాసన బాగానే ఉంది గానీ, దానితో కలిసి రావాల్సిన టాల్కం పౌడరు వాసన రాలేదు.

పక్క గంప దగ్గరున్నావిడని అడిగాను, పౌడరు మావ ఈ వారం రాలేదా అని. ఆవిడ తూకం ఆపి నాకేసి చూసింది.

"ఇంకెక్కడి మావ తల్లీ, పోనాడు. ఒడ్డున సేపల వేలం జరగతుంటే అక్కడే కూలబడిపోనాడంట. ఆసుపత్రికి తీసికెల్లే పనే పెట్టనేదు."

"మరి ఆవిడో?" అన్నాను.

"ఆయనింటిదా? అది ఉన్నాది. మనిసి సిక్కిపోనాది గాని, ఆ కోసి కుట్టిన గుండికాయి నిచ్చేపంలాగ కొట్టుకుంతాది."

నెత్తళ్ళు కొనుక్కుని ఇంటికి వచ్చాను. చెప్పిన ధరకే తెచ్చేశానని అమ్మ తిట్టింది. పౌడరు మావ బతికుంటే ఆయనా తిట్టేవాడు. బేరమాడని మనిషికి సరుకు అమ్మడమంటే ఆయనకి నామోషీ. అడిగింది చేతిలో పెట్టేసి వెళ్ళిపోయేదానికి ఇక మనుషులతో పనేముంది అనేవాడు.

ఆయన నాకు పరిచయమైంది సంతలో కాదు, ఆసుపత్రిలో. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉన్న రోజులవి. విజయనగరంలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్య కార్డుల డెస్కు నాది. తెల్ల కార్డున్నవాళ్ళకి పెద్ద జబ్బు చేస్తే ఆపరేషను ఖర్చు ప్రభుత్వ బీమా కింద ఆసుపత్రికి అందుతుంది. దానికి ముందుగా పై ఆఫీసు అనుమతి కావాలి. రోగి పరీక్షలు, కార్డు, ఫోటో అన్నీ నేను కంప్యూటర్లో ఎక్కించి పంపితే, ఎక్కడో నగరంలో కూర్చున్న డాక్టర్లు చూసి సరే అనాలి. వాళ్ళు సరే అనేదాకా ఇక్కడి డాక్టరు కత్తి పట్టడు. ఇటు జనం తిట్లు, అటు ఆఫీసు ప్రశ్నలు, మధ్యలో నేను. ఆ కుర్చీలో ఒక ఏడాది కూర్చుంటే ఎవరికైనా రూల్సన్నీ కంఠతా వచ్చేస్తాయి, మొహం గోడలా తయారవుతుంది. నాకు రెండూ బాగా కుదిరాయని మా ఆయన అంటూండేవాడు.

ఆ గోడ ముందుకి ఒకరోజు ఈయన వచ్చి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. కళింగపట్నంలో చేపలపేట. ఒడ్డున వేలంలో చేపలు పాడుకుని, ఎండబెట్టించి, మోపెడ్ మీద గంపలు కట్టుకుని సంతలన్నీ తిరిగి అమ్ముకుంటాడు. ఎండకీ ఉప్పుగాలికీ నల్లగా నిగనిగలాడే మొహం, ఆ మొహం నిండా తెల్లటి పౌడరు. మెడ మీద పౌడరు, చెవుల వెనక పౌడరు, చొక్కా కాలరు మీద రాలిన పౌడరు. ఒక జేబులో దువ్వెన, ఇంకో జేబులో అరచేతిలో పట్టే పౌడరు డబ్బా. వయసులో ఉండగా బస్సులో పక్కన కూర్చున్నావిడ ఎవరో నీచు వాసనని ముక్కు మూసుకుందట. ఆనాటి నుంచీ పౌడరు లేకుండా పేట దాటలేదు. దానివల్ల చేపల వాసన పోయిందేమీ లేదు. ఆయన వస్తున్నట్టు మెట్ల దగ్గరే తెలిసిపోతుందని వార్డు సిస్టరు అనేది.

భార్య గుండె ఆపరేషనుకని ఆయన తెచ్చిన కార్డు చూసి నేను అలవాటుగా రూల్సు మొదలుపెట్టాను. ఫలానా పరీక్షలు కావాలి, అనుమతి రావడానికి ఇన్నాళ్ళు పట్టొచ్చు, ఆపరేషనుకి రక్తం ఇచ్చేవాళ్ళు ఇంతమంది కావాలి. ఆయన శ్రద్ధగా విని, నేను చెప్పిన ప్రతిదానికీ సగం చెప్పాడు. వారం అంటే మూడు రోజులకి చూడమన్నాడు. నాలుగు సీసాల రక్తమంటే రెండుకి ఒగ్గెయ్యమన్నాడు. ఇది బజారు కాదు బాబూ అన్నాను. బజారు కాదని ఆయనకీ తెలుసట, అందుకే మర్యాదగా సగం దగ్గర మొదలుపెట్టాడట, బజారైతే ఇంకా కిందనుంచి వచ్చేవాడట.

గుండె డాక్టరు దగ్గరా అదే వరస. వాళ్ళావిడకి ఉప్పు పూర్తిగా మానిపించాలని డాక్టరు చెబితే, ఎండుచేప ముట్టని మనిషి మా పేటలో బతకడం కష్టమని, వారానికి ఒక ముక్క దగ్గర బేరం మొదలుపెట్టాడు. ఆ డాక్టరు ఎవరితోనూ రెండో మాట మాట్లాడే మనిషి కాదు. అలాంటాయన ఎలా బోల్తాపడ్డాడో తెలీదు, పండక్కి అర ముక్క, అదీ వేడినీళ్ళలో నానబెట్టి కడిగాక, అనే దాకా దిగి వచ్చాడు. పౌడరు మావ కిందికి వచ్చి ఆ అర ముక్క సంగతి నాకు గెలిచిన ఎన్నికలా చెప్పుకున్నాడు.

ఆయన బేరంలో అసలు కిటుకు వెళ్ళిపోవడం. ధర కుదరకపోతే మొహం తిప్పుకుని నాలుగడుగులు వేస్తాడు. వెనకనుంచి "ఇలా రా మావా" అని పిలుపు వస్తుంది. ఒడ్డునైనా సంతలోనైనా పిలవని మనిషి ఉండడట. మా డెస్కు దగ్గరా అలాగే తిరిగి నడిచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు, నోటీసు బోర్డు మొత్తం చదివాడు. నేను వరసలో తర్వాతి మనిషిని పిలిచాను. కాసేపటికి తనే వచ్చి, మంచినీళ్ళు తాగడానికి వెళ్ళానని చెప్పి, మళ్ళీ వరస చివర నిలబడ్డాడు. ఆ వారంలో ఆయన చాలాసార్లు మంచినీళ్ళు తాగాడు.

మాది నరసన్నపేట దగ్గర ఊరని మాటల్లో తెలిశాక నా ఉద్యోగం సగం ఊడినట్టే అయింది. మా అమ్మ నెత్తళ్ళు కొనేది ఆయన దగ్గరేనట. కొసరు వేస్తేగాని సంచీ మూతి ముడవదట మా అమ్మ. "నువ్వు ఆవిడ కూతురివేటి? మరి అంత కటువుగా ఎలగున్నావు?" అన్నాడు. అప్పటిదాకా మేడమ్మా అని పిలిచినవాడు ఆ రోజు నుంచి, మావైపు ఆడపిల్లల్ని పిలిచినట్టు, "గుంటా" అనేశాడు. వరసలో ఉన్నవాళ్ళంతా వినేలా పిలిచేవాడు. నేనూ బాబు మానేసి మావయ్యా అనడం మొదలుపెట్టాను. గోడకి బీటలు పడ్డాయని మా ఆయన సంతోషించాడు.

ఆవిడ గురించి చెప్పలేదు. సన్నగా, పొట్టిగా, ఎండిన చెక్కలా ఉండేది. గుండెలో ఒక వాల్వు బిగుసుకుపోయింది. ఊపిరితిత్తుల్లోకి నీరు వచ్చేది. నాలుగు మెట్లెక్కితే కూర్చుండిపోయేది, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. ఊపిరి తక్కువ కాబట్టి మాటలు పొదుపుగా వాడేది, వాడిన ఒక్క మాటా తగలవలసిన చోట తగిలేది. వేలిముద్ర మిషను ఆవిడ బొటనవేలుని ఎంతకీ పట్టుకోలేదు. ఉప్పులో చేపలు తోమి తోమి గీతలన్నీ అరిగిపోయాయి. ఆయన ఆ వేలు పుచ్చుకుని, చొక్కాకి తుడిచి, దానికీ కాస్త పౌడరు రాసి పెట్టించాడు. చిత్రం, అప్పుడు పట్టింది. "సూసినావా" అని నాకేసి తిరిగాడు. "మిసన్ను కూడా దడిసిపోనాది" అంది ఆవిడ.

అన్నీ కుదిరి చివరికి ఫోటో మిగిలింది. ఆసుపత్రిలో చేరిన మనిషి ఆ మనిషేనని చూపించడానికి ఫోటో పంపాలి. ఫోటో అనగానే ఆయన ఒక్క నిమిషం ఆగమని వెళ్ళాడు. ఆ నిమిషం గంటయింది. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఒంటి మీద పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర, తల నిండా కనకాంబరాలు, మొహానికి ఆయన డబ్బాలో సగం. వరండాలో కుర్చీ వేయించి, రిసెప్షన్లో ఉండే ప్లాస్టిక్ పూలకుండీ తెచ్చి వెనక పెట్టి, ఆవిడ భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. మీరు అక్కర్లేదు మావయ్యా అంటే వినడే. సరే అని తీసి, తర్వాత కంప్యూటర్లో ఆయన్ని కత్తిరించి పంపాను. ఎంత కత్తిరించినా భుజం మీది చెయ్యి మాత్రం ఉండిపోయింది.

సాయంత్రానికి పై ఆఫీసు ప్రశ్న వచ్చింది. రోగి ఆసుపత్రి మంచం మీద లేదు, మంచం మీద ఉన్న ఫోటో పంపండి, ఈ చెయ్యి ఎవరిదో తెలపండి.

మర్నాడు మంచం మీద కూర్చోబెట్టి తీశాం. అయితే ఆవిడ నిటారుగా కూర్చుంది, పూలు తాజావి, చీర మారింది, పౌడరు మారలేదు. సెలైను స్టాండు ఫోటోలో పడకుండా పక్కకి నెట్టేశాడు. ఆఫీసు మళ్ళీ ప్రశ్న వేసింది. ఈమె జబ్బు మనిషిలా లేదు. కార్డులో ఉన్న ఫోటోతో పోలిక కుదరడం లేదు. అలంకరణ తీసేసి, మంచం మీద పడుకోబెట్టి, సెలైనుతో సహా తీసి పంపండి.

కార్డు ఫోటో నేనూ చూశాను. ఎండలో చేపలు తిరగేస్తూ ఉన్న మనిషిని అలాగే లాక్కొచ్చి తీసినట్టుంది, కళ్ళు చికిలించుకుని, జుట్టు మొహాన పడి. ఆ మనిషికీ ఈ పట్టుచీరకీ పోలిక కుదరదని ఎవరైనా అంటారు. ఇదంతా నేను చదివి వినిపిస్తే ఆయన కంగారుపడకపోగా పొంగిపోయాడు. జబ్బు మనిషిలా లేదని అంత పెద్ద డాక్టరే రాశాడా అని రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ ముక్క ఆవిడకి చూపించాలి, కాగితం మీద తీసిమ్మన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మండడానికి కారణం ఉంది. వాల్వు ఆపరేషను చేసే పెద్ద డాక్టరు విశాఖపట్నం నుంచి వారంలో ఒకరోజు వస్తాడు. ఆ రోజు మర్నాడే. ఆ సాయంత్రంలోగా అనుమతి రాకపోతే మళ్ళీ వారం దాకా ఆగాలి. ఆవిడ ఆగేలా లేదు. ముందు రాత్రి ఆయాసం ఎక్కువై ఆక్సిజను పెట్టారు. ఇంకో వారమంటే నేను మాటివ్వలేను అని మా వార్డు డాక్టరు నాతో విడిగా అన్నాడు. ఒక్క ఫోటో, పడుకున్న ఫోటో, అది వెళ్తే చాలు. తలగడ ఎత్తుగా పెట్టి ఒక్క నిమిషం పడుకోబెడితే ఫరవాలేదని సిస్టరు కూడా చెప్పింది.

పౌడరు మావ ససేమిరా అన్నాడు. ముందు పడుకుంటే ఆయాసమన్నాడు. సిస్టరు చెప్పిన మాట చెబితే, చీర నలిగిపోతుందన్నాడు. ఆసుపత్రి దుప్పటి బాగులేదన్నాడు. కూర్చున్న ఫోటోనే సగం వంచి తీస్తే చాలదా అన్నాడు. నా జన్మలో అంత అడ్డగోలు బేరం వినలేదు. నాకు కోపం వచ్చి, మీకు మీ ఆవిడ కావాలా, ఆవిడ పౌడరు కావాలా అని అడిగేశాను. ఆయన తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పాత కిటుకే అనుకుని ఊరుకున్నాను. నోటీసు బోర్డు దగ్గర ఆగలేదు. గుమ్మం దాటిపోయాడు. చాలాసేపు చూశాను, మంచినీళ్ళ వంక పెట్టుకుని రాలేదు. వరసలో వాళ్ళని కూర్చోమని చెప్పి లేచాను. వెళ్ళిపోయిన మనిషిని డెస్కు లోపలి మనిషి వెనక్కి పిలవడమనేది ఆ ఆసుపత్రిలో అదే మొదలు.

గేటు పక్కన సైకిలు స్టాండు దగ్గర దొరికాడు. తన మోపెడ్ సీటు మీద చెయ్యి ఆన్చి నిలబడ్డాడు. మొహం మీద పౌడరు చారలు కట్టి ఉంది. ఆయన్ని ఆ చారలతో నేనెప్పుడూ చూడలేదు. ఇలా రండి మావయ్యా అంటే కదల్లేదు. చివరికి మోపెడ్ తోనే చెబుతున్నట్టు తల దించుకుని చెప్పాడు.

"మాయమ్మకి ఒక్కటే ఫోటో గుంటా. తొంగోబెట్టి తీసిందే. మా అయ్యకీ అంతే. మా అన్న పడవ మీంచి పడిపోనప్పుడు ఒడ్డున తొంగోబెట్టి తీసినారు. మా పేటలోకి కెమేరావోడు ఒచ్చేది అందుకే. తొంగున్న మనిసికి ఫోటో తీస్తే ఆ మనిసి మరి లెగదు. నా సేతుల్తో దాన్ని తొంగోబెట్టమంతావేటి?"

అప్పుడు గాని నాకు ఆ కుర్చీ, పూలకుండీ, నిటారు నడుము, పక్కకి నెట్టేసిన సెలైను స్టాండు అర్థం కాలేదు. రెండు రోజులుగా ఆ మనిషి ఆ ఒక్క మాట నోటితో అనకుండా తప్పించుకోవడానికి నానా వేషాలూ వేశాడు. మా ఊళ్ళోనూ అంతే. మా నాన్నమ్మ పోయినప్పుడు నరసన్నపేట నుంచి ఫోటో అతన్ని పిలిపించారు. దండ వేసి, కళ్ళు మూసుకుని పడుకున్న ఆ ఫోటోయే మా ఇంటి గోడ మీద ఇప్పటికీ ఉంది. నేను దాని కిందే అన్నం తిని పెరిగాను. అవన్నీ ఉత్త నమ్మకాలని చెప్పడానికి నోరు రాలేదు. డాక్టరు నాతో విడిగా అన్న మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆయన విన్నాడు. కాసేపు మోపెడ్ అద్దంలో చూసుకున్నాడు. ఆవిడ బదులు ఇంకొకర్ని పడుకోబెట్టి తియ్యొచ్చా అని అడిగాడు. తీస్తే నేను జైలుకి పోతానని చెప్పాను. నేను జైలుకి పోవడం ఆయనకి పెద్ద అభ్యంతరంలా కనబడలేదు గానీ, వేరేవాళ్ళని పడుకోబెట్టడం మాత్రం తప్పని తనే అనుకున్నాడు. వాళ్ళు మాత్రం ఏం పాపం చేశారు. అలా ఆలోచిస్తూ ఆలోచిస్తూ తల ఎత్తాడు.

"అయితే ముందు నాది తియ్యి."

మీది పంపడానికి వీల్లేదు మావయ్యా అన్నాను.

"పంపమన్నానేటి? ఉట్టినే తియ్యి. నాది ముందల తీసి, తరవాత దానిది తీసీ. అప్పుడు వరసలో నాను ముందుంతాను గదా."

వరసల గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. రోజంతా నేను చేసేది అదే, ఎవరు ముందు ఎవరు తర్వాత అని చూడడమే. కానీ ఇలాంటి వరసలో తనంతట తను వచ్చి ముందు నిలబడ్డ మనిషిని నేను చూడలేదు. కళ్ళు తుడుచుకుని, కెమెరా తెస్తానని లోపలికి నడిచాను.

ఆవిడ పక్క మంచం ఖాళీగా ఉంది. ఆయన చెప్పులు విప్పి, కింద జతగా పెట్టి, మంచమెక్కి వెల్లకిలా పడుకున్నాడు. కాళ్ళు దగ్గరగా పెట్టాడు, చేతులు రెండు పక్కలా చాపాడు, గడ్డం పైకెత్తి కళ్ళు మూసుకున్నాడు. వార్డంతా నోళ్ళు తెరుచుకుని చూస్తోంది. నేను కెమెరా ఎత్తాను.

"బావా, తల దువ్వుకున్నావేటి?" అంది ఆవిడ.

శవంలా పడుకున్న మనిషి దిగ్గున లేచి కూర్చున్నాడు. దువ్వెన తీసి, పాపిడి సరిచేసుకుని, చారలు కట్టిన చోట పౌడరు సర్దుకుని, మళ్ళీ అంత బుద్ధిగానూ పడుకున్నాడు. ఆవిడకి నవ్వాగలేదు. ఆ ఊపిరికి అంత నవ్వు పనికిరాదు, దగ్గు వచ్చింది, సిస్టరు పరుగెత్తుకొచ్చి అందర్నీ కలిపి తిట్టింది. ఆ గొడవలోనే నేను ఆయన ఫోటో తీశాను. తీశానా లేదా అని కళ్ళు తెరవకుండానే అడిగాడు. తీశానన్నాక లేచాడు.

దగ్గు తగ్గాక ఆవిడ ఎవరూ చెప్పకుండానే పూలు తీసి పక్కన పెట్టింది. పైట చెంగుతో మొహం మీది పౌడరు తుడిచేసుకుంది. అదంతా ఆయనెందుకు చేస్తున్నాడో ఆవిడకి మొదటి నుంచీ తెలుసనుకుంటాను. ఎత్తుగా పెట్టిన తలగడ మీదికి తనే ఒరిగింది. చెరిగిన జుట్టూ, నవ్వి నవ్వి చెమర్చిన కళ్ళూ, చేతికి సెలైను. అచ్చం కార్డులో ఉన్న మనిషే. పౌడరు మావ కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు, నేను అయిందనేదాకా ఇటు చూడలేదు.

పొద్దు వాలకముందే అనుమతి వచ్చింది. ఆ డెస్కులో కూర్చున్నన్నాళ్ళలో నాకంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. మెట్ల మీద పరుగెత్తుకెళ్ళి చెప్పాను. మర్నాడు ఆపరేషను. ఆయన పేట నుంచి రక్తం ఇవ్వడానికి పడవ మనుషులు లారీ ఎక్కి దిగారు. అడిగిన నాలుగు సీసాలకి నాలుగూ ఇప్పించాడు, ఒక్కటీ తగ్గించమనలేదు. లోపల ఉన్నంతసేపూ తలుపు ఎదురుగా నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే, కూర్చుంటే వరస పోతుందన్నాడు. అక్కడ వరసేమీ లేదు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆవిడ బతికింది. వార్డుకి వచ్చాక నడవడం నేర్పారు, మెట్లెక్కించారు. ఇకమీదట రోజూ మాత్రలు వేసుకోవాలని, రక్తం పలచబడడానికి ఇచ్చేది ఒక్కపూట కూడా తప్పకూడదని డాక్టరు చెప్పాడు. ఆవిడ ఆ మాత్రల వంక చూసి, ఇవన్నీ నా వల్ల కాదంది. ఆయనే నేర్చుకున్నాడు. తెల్లది పొద్దున్న, చిన్నది సాయంత్రం, సగం ముక్క ఒకరోజు తప్పించి ఒకరోజు. నా డెస్కు ముందుకొచ్చి నిలబడి పాఠంలా అప్పజెప్పేవాడు. వేసేటప్పుడు నీళ్ళ గ్లాసు కూడా తనే పట్టేవాడు. ఆవిడ కావాలని నోరు తెరిచేది కాదు, ఆయన బతిమాలేదాకా.

ఇంటికి పంపించే రోజు పైకి రమ్మని కబురు చేశాడు. కెమెరా కూడా తెమ్మన్నాడు. నిలబడి ఇంకో ఫోటో దిగుతారేమో అనుకున్నాను. అది కాదట.

"పనైపోనాది గదా గుంటా. దాని ఫోటో తుడిచీ."

పై ఆఫీసుకి వెళ్ళింది నా చేతిలో లేదు. ఆ సంగతి ఎత్తలేదు. కెమెరాలో ఉన్నది ఆయన కళ్ళ ముందే తుడిచేశాను. తర్వాత ఆయన ఫోటో వచ్చింది, దువ్విన తలతో, బుద్ధిగా చాపిన చేతులతో. ఇది కూడా తుడిచేస్తున్నానని చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నాదెందుకు? ఉండనీ. అనుకున్న మాట అనుకున్నట్టే ఉండాల."

మంచం అంచున కూర్చుని సంచీ సర్దుకుంటున్న ఆవిడ తల తిప్పింది. ఆపరేషనయ్యాక ఆవిడకి ఊపిరి సరిపోతోంది. అయినా మాటలు అంతే పొదుపు.

"నువ్వెల్లిపోతే నాకు మాత్రలేసీదెవులు బావా?"

ఎంతటివాడికైనా మాటకి మాట అప్పజెప్పే మనిషి, డాక్టరు దగ్గర అర ముక్క చేప గెలుచుకొచ్చిన మనిషి, ఆ మాటకి జేబులోంచి దువ్వెన తీసి, దువ్వుకోకుండానే మళ్ళీ పెట్టేశాడు. ఆవిడకేసి చూశాడు. మాత్రల సంచీకేసి చూశాడు. నాకేసి కూడా చూశాడు, నా దగ్గర దీనికేమైనా రూలుందేమోనని. నా దగ్గర లేదు.

"అయితే రెండూ తుడిచీ గుంటా" అన్నాడు.

తుడిచేశాను. కెమెరా చేతిలోకి తీసుకుని, ఫోటోలు లేవని నమ్మకం కుదిరేదాకా అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. మొగుడూ పెళ్ళాల్లో ఎవరో ఒకరు ముందు వెళ్ళక తప్పదని అక్కడున్న ముగ్గురికీ తెలుసు. అయినా ఆ పూట, ఇద్దరిలో ఎవరూ వెళ్ళక్కర్లేని దారి ఒకటి దొరికినట్టే ముగ్గురం నవ్వుకున్నాం.